పెట్టె మీద పెట్టె

వీధి చివర ఎక్కడో పెళ్ళి ఊరేగింపు బయలుదేరింది. పాట ఏదో ఇంకా తెలియదు. పాడేది ఆడగొంతో మగగొంతో కూడా తెలియదు. కాని ‘దుం... దుం...’ అని మన కిటికీ రెక్కలు మాత్రం అప్పుడే చెప్పేస్తున్నాయి. ఊరేగింపు ఇంటి ముందుకు వస్తేగాని మిగతా సంగీతం చెవిన పడదు. అలా ముందుగా వచ్చేసే మంద్రధ్వనులలో డోళ్ళ వాటా కొంత, బేస్ గిటారు వాటా కొంత.

బేస్ గిటారు పేరు వినకపోయినా దాని మోత వినని వాళ్ళుండరు. ఇళయరాజా స్వరపరచిన పాట ఏదైనా ఒకటి పెట్టుకుని, గొంతును వదిలేసి, అడుగున నడిచే లావుపాటి తీగ ధ్వనిని మాత్రమే పట్టుకోండి. పాట కింద ఇంకో పాట నడుస్తున్నట్టుంటుంది.

నలుగురు వైణికులు కలిస్తే రాగాల గురించి మాట్లాడుకుంటారు. నలుగురు బేస్ గిటారు వాయించేవాళ్ళు కలిస్తే మాత్రం పెట్టెల గురించి మాట్లాడుకుంటారు! నీ ఆంప్లిఫయరు ఎన్ని వాట్లు, నీ స్పీకర్లు ఎన్ని అంగుళాలు, నిలువుగా పేర్చావా పక్కపక్కన పెట్టావా - ఇదే గోష్ఠి. చూసేవాళ్ళకు ఇది పిచ్చిలా కనిపించవచ్చు. పాపం, తప్పు వాళ్ళది కాదు. మంద్రస్వరం పుట్టించడం సులువే, దాన్ని పదిమందికి వినిపించడమే కష్టం. ఆ కష్టం ఎక్కడుందో చూద్దాం.

మామూలు గిటారులో అన్నిటికన్నా మందమైన తీగ సెకనుకు సుమారు 82 సార్లు కంపిస్తుంది. బేస్ గిటారులో దానికి జోడీ తీగ కంపించేది అందులో సగం, 41 సార్లు. అంటే ఒక స్థాయి దిగువ. కంపనాలు సగం కావాలంటే తీగ పొడవు రెట్టింపు చేస్తే చాలునని మీకు తెలుసు. గిటారు తీగ 25న్నర అంగుళాలు కాబట్టి ఇది 51 అంగుళాలు కావాలి. నాలుగడుగుల పైచిలుకు! దాన్ని మెడలో వేసుకుని నిలబడి వాయించేదెవరు? అంతకు ముందు మంద్రస్వరాలకు వాడుతూ వచ్చిన డబుల్ బేస్ అనే వాయిద్యం మనిషెత్తు వయొలిన్. దాన్ని కారులో ఎక్కించడమే ఒక ప్రహసనం.

1951లో అమెరికాలోని కాలిఫోర్నియాలో లియో ఫెండర్ అనే ఆయన ఈ చిక్కు విప్పాడు. ఆయన అసలు రేడియోలు బాగుచేసేవాడు. తమాషా ఏమిటంటే ఆయనకు గిటారు వాయించడం రాదు. ఆయన పొడవును 34 అంగుళాల దగ్గర ఆపేసి, మిగతా లోటును బరువుతో పూడ్చాడు. మృదంగం ఎడమవైపున రవ్వముద్ద అద్దితే శ్రుతి దిగుతుంది కదా! అదే కిటుకు ఇక్కడా. లోపలి ఉక్కు తీగకు చుట్టూ ఇంకో తీగ చుట్టి లావు చేస్తారు. గిటారు లావు తీగ మందం సుమారు 1.2 మిల్లీమీటర్లయితే బేస్ గిటారు తీగది 2.7 మిల్లీమీటర్లు. ఒకే కడ్డీని అంత లావుగా పెడితే అది వంగదు. చుట్టిన తీగ బరువుగానూ ఉంటుంది, వంగనూ వంగుతుంది. మెడ మీద వీణకు ఉన్నట్టే మెట్లు కూడా పెట్టాడు, వేలు ఎక్కడ నొక్కినా స్వరం కచ్చితంగా పలికేటట్టు. అందుకే దానికి ప్రెసిషన్ బేస్ అని పేరు. ప్రెసిషన్ అంటే కచ్చితం.

ఈ వాయిద్యానికి గాలితో నిండిన బుర్ర లేదు. ఉన్నది ఒక చెక్కపలక. తీగల కింద అయస్కాంతాలు, వాటి చుట్టూ వేల చుట్ల సన్నని రాగి తీగ. ఉక్కు తీగ కదిలినప్పుడల్లా అయస్కాంత క్షేత్రం కదులుతుంది. రాగి చుట్టలో విద్యుత్తు పుడుతుంది. 1831లో ఫారడే కనిపెట్టిన ప్రేరణ సూత్రమే ఇది. పుట్టే విద్యుత్తు పిసరంత. దాన్ని పెంచడానికి ఆంప్లిఫయరు, గాలిలోకి నెట్టడానికి స్పీకరు కావాలి. ఇక్కడినుంచి మొదలవుతుంది జేబుకు చిల్లు.

చెవి చేసే మోసం

మన చెవి అన్ని స్వరాలను సమానంగా చూడదు. అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో ఫ్లెచర్, మన్సన్ అనే ఇద్దరు ఈ సంగతిని 1933లో కొలిచి గీతలు గీసి చూపించారు. సెకనుకు 1000 కంపనాల స్వరం చెవికి అందీ అందనంత మెల్లిగా మోగుతోందనుకోండి. 40 కంపనాల స్వరం కూడా అలాగే అందీ అందనట్టు వినపడాలంటే దాని బలం సుమారు 50 డెసిబెళ్ళు ఎక్కువ ఉండాలి. 50 డెసిబెళ్ళంటే శక్తిలో లక్ష రెట్లు! ధ్వని పెరిగేకొద్దీ ఈ తేడా తగ్గే మాట నిజమే గాని, పూర్తిగా పోదు. కాబట్టి పక్కనున్న గిటారువాడు 30 వాట్లతో కచేరీ నడిపించేస్తుంటే బేస్ గిటారువాడికి 300 వాట్లు కావలసివస్తాయి.

రెండో చిక్కు తరంగాల పొడవు. గాలిలో ధ్వని సెకనుకు సుమారు 345 మీటర్లు పోతుంది. దాన్ని 41తో భాగించండి. తరంగదైర్ఘ్యం 8 మీటర్లు దాటింది. మీ తరగతి గది ఒక గోడనుంచి ఇంకో గోడకు అంత ఉండవచ్చు. ఇంత పెద్ద అల ముందు స్పీకరు అట్ట ఒక చిన్న విసనకర్ర లాంటిది.

అందులోనూ స్పీకరును పెట్టెలో పెట్టకపోతే పని అసలే జరగదు. ఇది మీరే చేసి చూడవచ్చు. పాత రేడియోలోనుంచి స్పీకరు ఒకటి, తీగలతో సహా, బయటికి తీసి పాట పెట్టండి. ధ్వని పీలగా, రేకు డబ్బా మోగినట్టుంటుంది. ఇప్పుడు పెద్ద అట్టపలకకు స్పీకరంత బెజ్జం చేసి, దానికి స్పీకరును ఆనించండి. ఒక్కసారిగా ధ్వని నిండుగా వస్తుంది. కొత్తగా ఏ శక్తీ చేర్చలేదే! ఏం జరిగింది? స్పీకరు అట్ట ముందుకు జరిగినప్పుడు ముందున్న గాలి నొక్కుకుంటుంది, వెనకనున్న గాలి పలచబడుతుంది. మంద్రస్వరమయితే ముందున్న గాలి తీరిగ్గా అంచు చుట్టి వెనక్కు పోయి ఆ లోటు తీర్చేస్తుంది. రెండూ చెల్లుకు చెల్లు. అట్టపలక ఆ దారికి అడ్డు పడుతుంది. చుట్టూ మూసిన చెక్కపెట్టె పూర్తిగా అడ్డు పడుతుంది.

పేర్చడం ఎలా మొదలయింది?

ఫెండర్ 1952లో బేస్ గిటారు కోసమని బేస్‌మన్ అనే ఆంప్లిఫయరు తయారుచేశాడు. మొదట అందులో ఉన్నది ఒకే ఒక 15 అంగుళాల స్పీకరు. 1955 నాటికి అది 10 అంగుళాలవి నాలుగు అయింది. విచిత్రమేమిటంటే బేస్ వాళ్ళ కోసం చేసిన దాన్ని మామూలు గిటారు వాళ్ళు ఎగరేసుకుపోయారు!

లండన్ శివారు హాన్‌వెల్‌లో జిమ్ మార్షల్ అనే డ్రమ్ముల మాస్టారు 1960లో సంగీత వాయిద్యాల దుకాణం తెరిచాడు. కుర్రవాళ్ళు సాయంత్రాలు అక్కడ చేరి, మాకు కావలసిన మోత ఏ ఆంప్లిఫయరులోనూ రావడం లేదని గోల పెట్టేవాళ్ళు. అమెరికా సరుకేమో ఖరీదు. మార్షల్ తన మనుషులతో బేస్‌మన్ వలయాన్నే ఆధారం చేసుకుని ఒక ఆంప్లిఫయరు కట్టించాడు. 4 స్పీకర్లను, ఒక్కొక్కటి 12 అంగుళాలవి, వెనక మూసిన పెట్టెలో పెట్టించాడు. ఆ పెట్టెలు కొన్న తొలి కుర్రవాళ్ళలో ‘ది హూ’ బృందంలో బేస్ వాయించే జాన్ ఎంట్‌విసిల్ ఒకడు. కీత్ మూన్ డ్రమ్ముల హోరులో తన బేస్ తనకే వినిపించడం లేదని కొన్నాడు. కొన్నాక, అదే బృందంలో గిటారు వాయించే పీట్ టౌన్‌షెండ్‌కు తన గిటారు వినిపించకుండా పోయింది. ఆయనా కొన్నాడు. ఇక ఇద్దరి మధ్య పోటీ. 1965లో ఆ ఇద్దరూ కలిసి 100 వాట్లు కావాలని మార్షల్‌ను అడిగారు. టౌన్‌షెండ్ ఒకే పెట్టెలో 8 స్పీకర్లు పెట్టమన్నాడు. మార్షల్ ఇచ్చాడు. ఆ పెట్టెను మోసే మనుషులు నడుములు పట్టుకుని మొత్తుకున్నారు. చేసేది లేక దాన్ని రెండు ముక్కలు చేశారు: నాలుగు స్పీకర్ల పెట్టె కింద, నాలుగు స్పీకర్ల పెట్టె దాని మీద, ఆపైన ఆంప్లిఫయరు. ఇవాళ ఏ రాక్ కచేరీ ఫొటోలో చూసినా వెనక గోడలా కనిపించే ఆ వరస అలా పుట్టింది. ధ్వని శాస్త్రంకోసం కాదు, కూలీల నడుములకోసం!

ఆపైన 1969లో అమెరికాలో ఆంపెగ్ కంపెనీవారు 300 వాట్ల ‘ఎస్.వి.టి.’ని బయటికి వదిలారు. అందులో 14 వాల్వులు. ఆంప్లిఫయరు ఒక్కటే బోలెడు బరువు. దానికి జోడు 10 అంగుళాల స్పీకర్లు 8 బిగించిన, నాలుగడుగుల ఎత్తు పెట్టె. వాయించేవాళ్ళు ముద్దుగా దాన్ని ఫ్రిజ్ అంటారు. మేడమెట్ల మీదుగా ఎక్కించినవాళ్ళకు ఆ పేరు ఎంత సరిపోయిందో తెలుస్తుంది.

నిలువా, అడ్డమా?

మీ దగ్గర రెండు పెట్టెలున్నాయి. ఒక్కొక్కదానిలో ఒక స్పీకరు. పక్కపక్కన పెడితే వేదిక మీద చక్కగా, పొందికగా కనిపిస్తాయి. కాని ఒకదాని మీద ఒకటి పెట్టడమే మేలు. కారణం వ్యతికరణం.

పక్కపక్కన ఉన్న రెండు స్పీకర్ల నడుమ దూరం 60 సెంటీమీటర్లు అనుకోండి. ఎదురుగా కూర్చున్న శ్రోతకు రెండూ సమానదూరమే. రెండు అలలూ కలిసి వచ్చి ధ్వని పెరుగుతుంది. 30 డిగ్రీలు పక్కకు కూర్చున్న శ్రోత సంగతి? అతనికి ఒక స్పీకరు రెండోదానికంటె 30 సెంటీమీటర్లు ఎక్కువ దూరం. తరంగదైర్ఘ్యం 60 సెంటీమీటర్లున్న స్వరానికి 30 అంటే సరిగ్గా సగం. ఒక అల శిఖరం, రెండో అల లోయ ఒకేసారి చెవికి చేరతాయి. అంతే, ఆ స్వరం మాయం! 345ను 0.6తో భాగిస్తే 575 కంపనాలు వచ్చింది. తీగను మీటిన వేలి స్పష్టత అంతా ఆ చుట్టుపక్కలే ఉంటుంది. పాపం అతనికి మోత వినిపిస్తుంది, మాట వినిపించదు.

అవే పెట్టెలను నిలువుగా పేర్చండి. ఇప్పుడు శ్రోత ఎడమకు జరిగినా కుడికి జరిగినా రెండు స్పీకర్లూ అతనికి దాదాపు సమానదూరంలోనే ఉంటాయి. పైగా పై స్పీకరు వాయించేవాడి చెవి ఎత్తుకు దగ్గరవుతుంది. నేల మీద పెట్టిన ఒక్క పెట్టె మోకాళ్ళకు కచేరీ చేస్తుంది. వాయించేవాడు వినిపించడం లేదనుకుని మీట తిప్పుతాడు. ముందు వరుసవాళ్ళు చెవులు మూసుకుంటారు. ఈ ఒక్క సంగతి తెలిస్తే ఎన్ని జగడాలు తగ్గుతాయో!

గోడ సంగతి కూడా ఒకమాట. స్పీకరు వెనక గోడకు 1 మీటరు ఎడం ఉందనుకోండి. మంద్రస్వరం నలుదిక్కులా పోతుంది కాబట్టి వెనక్కు పోయి గోడకు తగిలి తిరిగి వచ్చేసరికి 2 మీటర్లు అదనంగా నడిచింది. 4 మీటర్ల అలకు అది సగం. అంటే సెకనుకు 86 కంపనాల దగ్గర గొయ్యి పడుతుంది. బేస్ గిటారు పలికే స్వరాలలో ఒకటి దాదాపు సరిగ్గా అక్కడే ఉంది, పైనుంచి రెండో సన్నని తీగ మీద మూడో మెట్టు. ఆ ఒక్క స్వరం చచ్చుగా పలుకుతుంటే వాయిద్యం చెడిపోయిందని దుకాణానికి మోసుకుపోయేవాళ్ళుంటారు. పెట్టెను గోడకు దగ్గరగా జరిపితే చాలు.

మూడో పెట్టె కొనేముందు

పెట్టె వెనకాల 8 ఓములు అని రాసి ఉంటుంది. అది స్పీకరు విద్యుత్తుకు చెప్పే అడ్డు. రెండో పెట్టె తగిలిస్తే అడ్డు రెట్టింపవుతుందని అనుకుంటారు చాలామంది. ఈ పెట్టెలు సమాంతరంగా కలుస్తాయి. విద్యుత్తుకు రెండు దారులు దొరికాయి కాబట్టి మొత్తం అడ్డు సగమై 4 ఓములవుతుంది. ట్రాన్సిస్టరు ఆంప్లిఫయరయితే అప్పుడు ఎక్కువ శక్తి ఇస్తుంది. పైగా గాలిని నెట్టే అట్టలు రెండయ్యాయి. రెండు లాభాలూ కలిసి మంద్రస్వరాలలో ధ్వని 6 డెసిబెళ్ళ దాకా పెరుగుతుంది. ఆశ ఇక్కడే పుడుతుంది: మూడోది కూడా పెడితే? 8ని 3తో భాగించండి, సుమారు 2.7 ఓములు. ఆంప్లిఫయరు వెనక ‘4 ఓములకు తగ్గరాదు’ అని ఉంటే, అది తన శక్తికి మించి విద్యుత్తు పంపబోయి వేడెక్కి ఆగిపోతుంది, లేదా కాలిపోతుంది. వాల్వుల ఆంప్లిఫయరుది తిరకాసు గుణం. దానికి స్పీకరు తగిలించకుండా నడిపితేనే లోపలి ట్రాన్స్‌ఫార్మరుకు ప్రమాదం. రెండు పెట్టెలు కొనేటప్పుడు ఒకే రకంవి కొనడం మంచిది. వేర్వేరు రకాలయితే కొన్ని స్వరాల దగ్గర ఒకటి గాలిని తోస్తుంటే ఇంకొకటి లాగుతూ ఉండవచ్చు.

దుకాణంలో తగాదాలు

వాట్ల గురించి వినే మాటలకు అంతు లేదు. 50 వాట్లు తీసేసి 100 వాట్లు కొన్నవాడు ధ్వని రెట్టింపు అవుతుందని ఆశపడతాడు. పెరిగేది 3 డెసిబెళ్ళే. చెవికి అది ‘కొంచెం ఎక్కువ’ మాత్రమే. రెట్టింపుగా తోచాలంటే 10 డెసిబెళ్ళు, అంటే 500 వాట్లు కావాలి. దీనికన్నా పెట్టె సామర్థ్యం చూడడం తెలివైన పని. 1 వాటు ఇచ్చి 1 మీటరు దూరంలో కొలిస్తే ఒక పెట్టె 94 డెసిబెళ్ళు, ఇంకొకటి 100 డెసిబెళ్ళు చూపవచ్చు. ఆ 6 డెసిబెళ్ళు నాలుగు రెట్ల శక్తికి సమానం. రెండో పెట్టెకు 100 వాట్లిస్తే వచ్చే మోత మొదటి పెట్టెలో రావాలంటే 400 వాట్లివ్వాలి.

మంద్రానికి 15 అంగుళాల స్పీకరే ఉండాలని ఇంకో వాదం. వృత్తవైశాల్యం వ్యాసపు వర్గాన్ని బట్టి ఉంటుందని లెక్కల మాస్టారు చెప్పారు కదా. 15ని 15తో గుణిస్తే 225. 10 అంగుళాలవి నాలుగు కలిస్తే 400. ఎవరు ఎక్కువ గాలి నెడతారు? స్పీకరు ఎంత కిందికి పలుకుతుందన్నది అట్ట బరువు, బిగువు, పెట్టె ఘనపరిమాణం కలిసి తేలుస్తాయి. వ్యాసం ఒక్కటే కాదు. ఆస్ట్రేలియాలో నెవిల్ థీల్ అనే ఇంజనీరు 1961లో ఈ లెక్కను దారిలో పెట్టాడు. అంతకు ముందు పెట్టె కొలతలు చాలావరకు వడ్రంగి అనుభవం మీద నడిచేవి.

మూడోది భలే వాదం. తరంగం పొడవు 8 మీటర్లు కాబట్టి, 8 మీటర్లు నడిచాకగాని స్వరం ‘తయారు కాదు’, అందుకే పెట్టె దగ్గర నిలబడితే బేస్ వినిపించదు అంటారు. పెద్ద పెద్ద వాయిద్యకారులు కూడా నమ్మే మాట ఇది. అదే నిజమయితే చెవికి తగిలించుకునే హెడ్‌ఫోనులో బేస్ ఎలా వినిపిస్తోంది? అక్కడ ఉన్నది ఒక్క అంగుళం గాలి! చెవికి కావలసింది తన దగ్గర పీడనం సెకనుకు 41 సార్లు పెరిగి తగ్గడం. అల ఎంత పొడుగుందో చెవికి అక్కరలేదు. దగ్గర వినిపించకపోవడానికి కారణం మోకాళ్ళు, గోడలు, ఇందాక చెప్పుకున్నవే.

అన్ని తగాదాలనూ ఒక్క దెబ్బతో తేల్చే సూత్రం ఒకటుంది. హాఫ్‌మన్ అనే అమెరికా ఇంజనీరు చెప్పాడు దాన్ని. స్పీకరు పెట్టె చిన్నదిగా ఉండడం, బాగా కిందికి పలకడం, తక్కువ శక్తితో గట్టిగా మోగడం - ఈ మూడిట్లో రెండు కోరుకో, మూడోది వదులుకో. దుకాణంలో మూడూ ఉన్నాయని ఎవరయినా అంటే ధర అడక్కుండానే బయటికి రావచ్చు. ఫ్రిజ్ లాంటి పెట్టె కూడా 41 కంపనాలను పూర్తి బలంతో ఏమీ పలకదు. 82, 123 కంపనాల అతిస్వరాలను గట్టిగా పలుకుతుంది. వాటి వరుసను బట్టి అడుగున 41 ఉండి తీరాలని మన మెదడు తనంతట తానే పూరించేసుకుంటుంది.

ఇవాళ బరువు మాత్రం బాగా తగ్గింది. విద్యుత్తును సెకనుకు లక్షలసార్లు వేస్తూ తీస్తూ నడిచే కొత్త రకం ఆంప్లిఫయర్లు వేడిగా వృథా చేసేది తక్కువ. 500 వాట్లది 2, 3 కిలోలే, సంచిలో పుస్తకాల పక్కన పడుతుంది. 1980ల మొదట్లో కనిపెట్టిన నియోడిమియం అయస్కాంతాలు స్పీకర్ల బరువును కూడా దించేశాయి. హాఫ్‌మన్ సూత్రాన్ని మాత్రం ఎవరూ దాటలేదు. వాట్లు చవకయ్యాయి గనక పెట్టెలు చిన్నవయ్యాయి.

ఈ మోతలో నష్టపోయేది చెవి. లోపలి శంఖంలో సన్నని కేశకణాలుంటాయి. మనుషులలో అవి పోతే మళ్ళీ మొలవవు. అమెరికాలో పనివాళ్ళ ఆరోగ్యం చూసే సంస్థ లెక్క ప్రకారం 85 డెసిబెళ్ళను రోజుకు 8 గంటలకు మించి వినరాదు. పైన ప్రతి 3 డెసిబెళ్ళకూ వ్యవధి సగం అవుతుంది. 88కి 4 గంటలు, 91కి 2 గంటలు, అలా లెక్కవేస్తూ పోండి. 100 దగ్గర మిగిలేది పావుగంట. ఒకళ్ళకంటె ఒకళ్ళు గట్టిగా వాయించాలని పోటీపడ్డ ఎంట్‌విసిల్, టౌన్‌షెండ్ ఇద్దరికీ వినికిడి దెబ్బతింది. టౌన్‌షెండ్ తన విషయంలో తప్పు వేదిక మీది పెట్టెలకంటె స్టూడియోలో ఏళ్ళ తరబడి పెట్టుకున్న హెడ్‌ఫోన్లదేనని చెప్పాడు.

1976 మే 31న లండన్‌లోని చార్ల్‌టన్ ఫుట్‌బాల్ మైదానంలో వాళ్ళ బృందం చేసిన కచేరీలో 32 మీటర్ల దూరాన కొలిస్తే 126 డెసిబెళ్ళు వచ్చింది. గిన్నిస్ పుస్తకం దాన్ని ప్రపంచంలోకెల్లా పెద్ద మోతగా రాసుకుంది. కొన్నేళ్ళ తరవాత, చెవులు పోగొట్టుకోవడానికి పోటీలెందుకని, ఆ శీర్షికనే పుస్తకంలోనుంచి తీసేశారు.